పాత కారుకు కొత్త కంపెనీ స్టీరియో: కప్లర్ కుదిరినా సిస్టమ్ ఎందుకు లేవదు?

క్లుప్తంగా: కొత్త కార్లలో కంపెనీ నుంచే వచ్చే టచ్‌స్క్రీన్ స్టీరియో తనంతట తాను పనిచేసే పెట్టె కాదు. అది కారు లోపలి నెట్‌వర్క్‌లో ఒక భాగం. పాత కారు డ్యాష్‌బోర్డ్‌లో కొలతకు సరిపోయినా, తనకు రావాల్సిన సమాచారం రాకపోతే అది ఆన్ అవదు. ఎలాగో ఆన్ చేస్తే సరిగ్గా ఆఫ్ అవక బ్యాటరీని తినేస్తుంది. ఒకే మోడల్, ఒకే తరం వేరియంట్ల మధ్య ఈ మార్పిడి చాలావరకు కుదురుతుంది. తరం మారితే అడాప్టర్లు, స్టీరియోకు కావలసిన సందేశాలు తయారుచేసి పంపే ఎమ్యులేటర్ బాక్సులు కావాలి. అప్పుడు ఖర్చు కలిపి చూసుకుంటే బయటి బ్రాండ్ స్టీరియోనే నయం అనిపించే సందర్భాలే ఎక్కువ.

## ఈ ఆలోచన ఎక్కడి నుంచి వస్తోంది

కారు ఇంజిన్ పాతబడే వేగం వేరు, ఫోన్ పాతబడే వేగం వేరు. 2012లో కొన్న పెట్రోలు కారు సరిగ్గా సర్వీసు చేయించుకుంటే ఇప్పటికీ విజయవాడ నుంచి హైదరాబాద్‌కు నిశ్చింతగా వెళ్లి వస్తుంది. కానీ అందులోని స్టీరియోకు బ్లూటూత్ ఉంటే ఉంటుంది, లేకపోతే సీడీ, యాక్స్ పిన్నుతో సరి. ఫోన్‌లోని మ్యాపులు, పాటలు, కాల్స్‌ను కారు తెర మీద చూపించే యాపిల్ కార్‌ప్లేను 2014లో ప్రకటించారు, అలాంటిదే ఆండ్రాయిడ్ ఆటో 2015లో వచ్చింది. అంతకు ముందు తయారైన కార్లన్నీ ఈ రెండూ లేనివే.

ఢిల్లీ పరిసరాల్లో వచ్చినట్టు వయసును బట్టి కార్లను రోడ్డెక్కనివ్వని ఆంక్షలు మన దగ్గర లేవు. పదిహేనేళ్లు నిండాక ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్‌ను మరో ఐదేళ్లకు పొడిగించుకోవచ్చు. కాబట్టి బండి మార్చకుండా సిస్టమ్ ఒక్కటే మార్చుకుందామన్నది సహజమైన కోరిక. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనూ గుంటూరు ఆటోనగర్‌లోనూ దీనికి కావలసిన చేతులున్నాయి.

మరి బయటి బ్రాండ్ కాకుండా కంపెనీ సిస్టమే ఎందుకు? దానికి గట్టి కారణాలే ఉన్నాయి. కంపెనీ స్టీరియోను కారు వేడికి తట్టుకునేలా పరీక్షించి పంపుతారు. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే ఊళ్లో, అద్దాలు మూసి పార్క్ చేసిన కారు డ్యాష్‌బోర్డ్ పట్టుకుంటే చేయి కాలేంత వేడెక్కుతుంది. చౌక ఆండ్రాయిడ్ ప్లేయర్లు ఆ వేడికి నెమ్మదిస్తాయి, రీస్టార్ట్ అవుతాయి, టచ్ సరిగ్గా తీసుకోవు. కంపెనీ సిస్టమ్ రూపం డ్యాష్‌బోర్డ్‌లో కలిసిపోతుంది, స్టీరింగ్ మీది బటన్లు పనిచేస్తాయి. 2019లో వచ్చిన వాగన్‌ఆర్‌లోని స్మార్ట్‌ప్లే స్టూడియో టచ్‌స్క్రీన్‌నో, 2022 బలెనోలోని 9 అంగుళాల తెరనో చూసినవాళ్లకు తమ పాత మారుతిలోనూ అలాంటిది ఉంటే బాగుండు అనిపించడంలో ఆశ్చర్యం లేదు. రెండూ మారుతియే కదా అన్న నమ్మకం కూడా తోడవుతుంది. చిక్కు మొదలయ్యేది ఆ నమ్మకం దగ్గరే.

## కొలత: అన్నిటికంటే సులువైన అడ్డంకి

స్టీరియోల ముఖానికి ఐఎస్‌వో 7736 అనే ప్రమాణం ఉంది. జర్మనీలో పుట్టిన డిన్ ప్రమాణమే దీనికి మూలం. సింగిల్ డిన్ అంటే సుమారు 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. డబుల్ డిన్ అయితే అదే వెడల్పుకు 100 ఎత్తు. మారుతి 800 కాలం నుంచి చాలా కార్లలో ఈ ఖాళీయే ఉంది. టయోటా కార్లలో వెడల్పు 200 మిల్లీమీటర్లు ఉంటుంది.

కొత్త కంపెనీ సిస్టమ్‌లకు ఈ కొలతలతో పని లేదు. తెర పైకి తేలినట్టు ఒకచోట, దాని అసలు పెట్టె డ్యాష్‌బోర్డ్ లోపల ఇంకోచోట ఉండే మోడళ్లున్నాయి. కొన్నిటిలో తెర, ఏసీ గాలి వచ్చే వెంట్లు, హజార్డ్ స్విచ్ అన్నీ ఒకే ఫ్రేమ్‌లో ఉంటాయి. అయినా ఇది ప్లాస్టిక్ సమస్యే. ఫ్రేమ్ దొరికితే పెట్టుకోవచ్చు, దొరక్కపోతే కోసి అతికించే పనివాళ్లున్నారు. వెనక లోతు సరిపోతుందో లేదో, ఏసీ డక్ట్‌కు తగులుతుందో లేదో చూసుకుంటే చాలు.

## కప్లర్ ఒకేలా ఉన్నంత మాత్రాన

ఒకప్పుడు స్టీరియోకు కావలసినవి తక్కువ. బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండే కరెంటు, తాళం తిప్పితే వచ్చే కరెంటు, ఎర్త్, హెడ్‌లైట్ వేస్తే బటన్లు వెలిగే వైరు, యాంటెన్నాకు ఒక వైరు, నాలుగు స్పీకర్లకు ఎనిమిది వైర్లు. ఐఎస్‌వో 10487 ప్రమాణం ప్రకారం వీటిని రెండు కప్లర్లలో (వైర్ల చివర ఉండే ప్లగ్‌లలో) సర్దేవారు: ఒకటి కరెంటుకు, రెండోది స్పీకర్లకు. బయటి బ్రాండ్ స్టీరియోల్లో రంగులు కూడా దాదాపు స్థిరపడ్డాయి. పసుపు డైరెక్ట్ కరెంటు, ఎరుపు తాళం కరెంటు, నలుపు ఎర్త్. ఈ మూడూ సరిగ్గా కలిపితే సిస్టమ్ లేచేది.

కంపెనీ కప్లర్లలో ఈ రంగులకు విలువ లేదు. ఒక కారులో తాళం కరెంటు ఉన్న పిన్ను స్థానంలో ఇంకో కారులో స్పీకర్ వైరు ఉండొచ్చు. కప్లర్ ఆకారం ఒకేలా ఉండి లోపలి పిన్నుల వరుస మారిపోవడం ఒకే కంపెనీ మోడళ్లలోనూ జరుగుతుంది. కాబట్టి కప్లర్ టక్కున కూర్చుందని కరెంటు ఇచ్చేయడం ప్రమాదకరం. రెండు కార్ల వైరింగ్ డయాగ్రామ్‌లు పక్కపక్కన పెట్టుకుని, ప్రతి పిన్నునూ మల్టీమీటర్‌తో చూసి కలపడమే సరైన పద్ధతి. యూరప్ కార్లలో క్వాడ్‌లాక్ అనే పెద్ద కప్లర్ వాడతారు. యాంటెన్నాకు పాత గుండ్రటి పిన్ను బదులు ఫాక్రా అనే రంగురంగుల ప్లగ్ ఉంటుంది. వీటికి మార్పిడి ముక్కలు సులువుగానే దొరుకుతాయి.

ఒక చిన్న సంగతి మాత్రం చాలామంది వదిలేస్తారు. కొత్త కార్లలో యాంటెన్నా పొట్టిగా ఉండి, దాని అడుగున చిన్న యాంప్లిఫయర్ ఉంటుంది. దానికి 12 వోల్టులు యాంటెన్నా వైరు ద్వారానే వెళ్తాయి, లేదా విడిగా ఒక వైరు ద్వారా. ఆ కరెంటు అందకపోతే రేడియో ఉన్నా స్టేషన్లు గరగరమంటాయి. స్టీరియో పాడైందనుకుని వెనక్కి ఇచ్చేసేవాళ్లు ముందు ఇది చూడాలి.

## అసలు గోడ: కారు లోపలి సంభాషణ

పిన్నులన్నీ సరిగ్గా కలిపినా తెర నల్లగానే ఉంటే కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. ఆ స్టీరియో తాళం కరెంటు కోసం ఎదురుచూడటం లేదు. ఒక సందేశం కోసం ఎదురుచూస్తోంది.

కార్లలో ఎలక్ట్రానిక్ పెట్టెలు పెరిగేకొద్దీ ఒక్కో పనికి ఒక్కో వైరు లాగడం అసాధ్యమైంది. దానికి పరిష్కారంగా జర్మనీ కంపెనీ బాష్ తయారుచేసి 1986లో బయటపెట్టిన పద్ధతి పేరు కాన్. 1990ల మొదట్లో మెర్సిడెస్ ఎస్ క్లాస్‌తో అది కార్లలోకి వచ్చింది, తర్వాత చిన్న కార్లకూ దిగింది. మెలిపెట్టిన రెండు సన్నని వైర్ల మీద ఇంజిన్, ఏబీఎస్, మీటర్, డోర్ లాకులు, స్టీరియో అన్నీ మాట్లాడుకుంటాయి. ఎవరూ మాట్లాడనప్పుడు రెండు వైర్ల మీదా సుమారు 2.5 వోల్టులుంటాయి. సందేశం వెళ్లేటప్పుడు ఒకటి 3.5కు లేస్తుంది, రెండోది 1.5కు దిగుతుంది. ఆ తేడానే సందేశం.

ఈ సందేశాలు ఫలానా పెట్టెకు అని చిరునామా రాసి పంపేవి కావు. ఊళ్లో చాటింపు వేసినట్టు అందరికీ వినబడతాయి, ఎవరికి పనికొస్తుందో వాళ్లు తీసుకుంటారు. ప్రతి సందేశానికీ ముందు ఒక సంఖ్య ఉంటుంది. తాళం ఏ స్థితిలో ఉంది, బండి వేగం ఎంత, రివర్స్ గేరు పడిందా, లైట్లు వెలిగాయా అన్నవి ఒక్కో సంఖ్య కింద వెళ్తాయి. ఏ సంఖ్యకు ఏ అర్థం అన్నది ఆయా కంపెనీలు తమలో తాము పెట్టుకున్న పద్ధతి, దాన్ని బయటపెట్టవు. ఒకే కంపెనీలో కూడా కారు ప్లాట్‌ఫామ్ (మోడళ్లు పంచుకునే అడుగు నిర్మాణం) మారితే ఆ సంఖ్యలు మారతాయి. వేగంలోనూ తేడా ఉంటుంది. కొన్ని నెట్‌వర్క్‌లు సెకనుకు 500 కిలోబిట్ల వేగంతో, కొన్ని 125తో నడుస్తాయి.

ఇప్పుడు పాత కారు సంగతి చూద్దాం. మూడు పరిస్థితులుంటాయి.

మొదటిది, కారులో కాన్ అసలే లేకపోవడం, లేదా ఉన్నా స్టీరియో దాకా రాకపోవడం. కొత్త సిస్టమ్ అక్కడ ఒంటరిదవుతుంది. కరెంటు ఉంటుంది, మేలుకోమని చెప్పేవారుండరు. కొన్ని మోడళ్లు తాళం కరెంటుతోనూ లేస్తాయి గానీ రివర్స్ కెమెరా, స్టీరింగ్ బటన్లు, రాత్రి వెలుగు తగ్గించడం లాంటివి పనిచేయవు. వేగం తెలియదు కాబట్టి సొరంగంలోనో ఫ్లైఓవర్ కిందో మ్యాప్ గందరగోళపడుతుంది.

రెండోది, కాన్ ఉంది గానీ భాష వేరు. ఇది మొదటిదానికంటే ఇబ్బందికరం, ఎందుకంటే స్టీరియో వినడమే కాదు, మాట్లాడుతుంది కూడా. అది పంపే సందేశాల సంఖ్యలు ఆ కారులో వేరే అర్థంలో వాడుతుంటే మీటర్‌లో వార్నింగ్ లైట్లు వెలగడం దాకా వెళ్తుంది. ఇంకో చిక్కు: కాన్ లైను రెండు కొసల్లో 120 ఓమ్‌ల చొప్పున రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ వైరు తీసి ఆ రెండు వైర్ల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు చూపాలి. కొత్త పెట్టెలో మూడో రెసిస్టర్ ఉంటే అది 40కి పడిపోతుంది, మొత్తం లైను నమ్మకం తగ్గుతుంది. బ్రేకులు, ఇంజిన్ మాట్లాడుకునే లైనుకు పాటల పెట్టెను ఊహతో కలపడం ఏ రకంగానూ సమర్థించలేని పని.

మూడోది, రెండు కార్లూ ఒకే కుటుంబానివి. అదే మోడల్ కింది వేరియంట్‌లో మామూలు స్టీరియో ఉండి, పై వేరియంట్‌లో టచ్‌స్క్రీన్ వచ్చి ఉంటే సందేశాలు ఒకటే. ఇక్కడ మార్పిడి సాఫీగా జరుగుతుంది. సర్వీస్ స్కానర్‌తో కారు కంప్యూటర్‌లో ఆ సిస్టమ్‌ను నమోదు చేయాల్సి రావచ్చు, అంతే.

మొదటి రెండు పరిస్థితులకూ మార్కెట్‌లో ఉన్న జవాబు ఎమ్యులేటర్ బాక్స్. అది మామూలు తాళం కరెంటు, రివర్స్ లైటు కరెంటు, వేగం సిగ్నల్ తీసుకుని, స్టీరియోకు అర్థమయ్యే సందేశాలుగా మార్చి పంపుతుంది. ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు ఎంసీపీ2515 అనే కాన్ చిప్ తగిలించి ఇలాంటిది సొంతంగానూ చేసుకుంటారు. కానీ ఏ సందేశం పంపాలో ముందు తెలియాలి. దానికి ఆ స్టీరియో మొదట ఉన్న కారులోనే లైనును వింటూ నమోదు చేసుకోవాలి. అందరికీ సాధ్యమయ్యేది కాదు. కొనేవారికి తేలే విషయం ఏమిటంటే, ఆ మోడల్ స్టీరియోకు తయారైన బాక్స్ దొరికితేనే స్టీరియో కొనాలి. ముందు స్టీరియో కొని, తర్వాత బాక్స్ వెతకడం తలకిందుల వ్యవహారం.

## నిద్రపోని సిస్టమ్, దిగిపోయే బ్యాటరీ

లేవకపోవడం కనబడే సమస్య. నిద్రపోకపోవడం కనబడదు, అందుకే ఎక్కువ బాధపెడుతుంది. తాళం తీశాక కొత్త కంపెనీ సిస్టమ్ వెంటనే చావదు. తెర ఆరినా లోపలి కంప్యూటర్ కొంతసేపు పనిచేసి, కారు నుంచి ‘ఇక పడుకోవచ్చు’ అన్న సందేశం వచ్చాక గాఢనిద్రలోకి వెళ్తుంది. ఆ సందేశం రాని పాత కారులో అది సగం మెలకువలోనే ఉండిపోతుంది.

లెక్క వేసి చూస్తే తీవ్రత అర్థమవుతుంది. చిన్న పెట్రోలు కార్లలో 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ మామూలు. నిద్రలో ఉన్న కారు మొత్తం 50 మిల్లీఆంపియర్లు లాగితే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు పోతాయి. బ్యాటరీ సగానికి రావడానికి రెండు వారాలు పడుతుంది. స్టీరియో ఒక్కటే 300 మిల్లీఆంపియర్లు లాగుతుంటే రోజుకు 7.2 పోతాయి. శనివారం సాయంత్రం పార్క్ చేసిన కారు మంగళవారం ఉదయానికి సగం బ్యాటరీతో ఉంటుంది. ఆ బ్యాటరీ ఇప్పటికే మూడేళ్లు వాడినదైతే స్టార్టర్ తిరగకపోవచ్చు.

ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో ఇది ప్రపంచమంతా తెలిసిన ఉదాహరణ. పాత తరం జెట్టా, స్కోడా లారా ఒకే ప్లాట్‌ఫామ్ మీద వచ్చాయి. వాటి పాత గేట్‌వే మాడ్యూల్‌కు (కారు లోపలి వేర్వేరు నెట్‌వర్క్‌లను కలిపే పెట్టెకు), ఆర్‌సీడీ 330 లాంటి తర్వాతి తరం స్టీరియోకు పొసగదు, సిస్టమ్ నిద్రపోదు. మందు స్టీరియోలో లేదు. గేట్‌వేనే కొత్తదానితో మార్చాలి, లేదంటే మధ్యలో ఎమ్యులేటర్ బాక్స్ పెట్టాలి.

డైరెక్ట్ కరెంటు వైరును కూడా తాళం కరెంటుకే కలిపేయడం కొందరు చేసే ఉపాయం. బ్యాటరీ దిగదు, నిజమే. కానీ తాళం తీసిన ప్రతిసారీ కంప్యూటర్‌ను మధ్యలో చంపినట్టవుతుంది. సెట్టింగ్‌లు, బ్లూటూత్ జత, గడియారం పోతాయి, సాఫ్ట్‌వేర్ పాడయ్యే అవకాశమూ ఉంది. తాళం తీసిన కొంతసేపటికి కరెంటు కట్ చేసే టైమర్ రిలే పెట్టడం దీనికంటే మంచిది.

పని పూర్తయ్యాక ఒక్క పరీక్ష తప్పక అడగాలి. బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి మధ్యలో మల్టీమీటర్ పెట్టి, డోర్లన్నీ మూసి, అరగంట ఆగి, ఎంత కరెంటు పోతోందో చూడాలి. ఈ అరగంట ఓపిక పట్టే ఎలక్ట్రీషియన్‌కు అడిగినంత ఇవ్వొచ్చు.

## దొంగతనానికి వేసిన తాళం

కారు స్టీరియో దొంగతనాలు ఎక్కువగా ఉన్న రోజుల్లో కంపెనీలు కోడ్ పద్ధతి పెట్టాయి. బ్యాటరీ తీసి పెడితే కోడ్ అడుగుతుంది, అది లేకపోతే పలకదు. కొన్ని హోండా కార్లు వాడినవారికి ఇది అనుభవమే. తర్వాతి కాలంలో ఈ రక్షణ ఇంకా లోతుకు వెళ్లింది. ఆడి, ఫోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో కాంపోనెంట్ ప్రొటెక్షన్ అనేది ఉంది. స్టీరియో తాను పుట్టిన కారు గేట్‌వేతో జతపడి ఉంటుంది. వేరే కారులో పెడితే తెర మీద హెచ్చరిక వస్తుంది, పని సాగదు. ఆ జత విడదీయడం కంపెనీ సర్వర్‌తో ఆన్‌లైన్‌లో కలిసిన డీలర్ డయాగ్నస్టిక్ పరికరంతోనే అధికారికంగా జరుగుతుంది.

కాబట్టి సెకండ్ హ్యాండ్ సిస్టమ్ కొనేటప్పుడు బిల్లు, వీలైతే ఏ కారులోంచి తీశారో ఆ వివరం తీసుకోవడం రెండు విధాలా అవసరం. డీలర్ అడిగితే చూపించడానికి ఒకటి, దొంగసొత్తు కొనలేదని చెప్పుకోవడానికి ఇంకొకటి.

## అమెరికా స్టీరియోకు 102.2 ఎందుకు దొరకదు

విజయవాడ, గుంటూరు ఇళ్లలో అమెరికాలో ఉన్న పిల్లలో బంధువులో లేనివాళ్లు తక్కువ. అక్కడ అదే కంపెనీ కారు విడిభాగం చౌకగా దొరికిందని సూట్‌కేసులో తెచ్చేవారున్నారు. జపాన్ నుంచి తీసిన స్టీరియోలు ఆన్‌లైన్‌లో కనబడతాయి. వీటిలో దాగిన ఇబ్బంది రేడియోలో ఉంది.

అమెరికాలో ఎఫ్ఎం స్టేషన్ల మధ్య దూరం 0.2 మెగాహెర్ట్జ్. అన్నీ బేసి అంకెతోనే ముగుస్తాయి: 87.9, 88.1 అలా 107.9 దాకా. ఆ దేశానికి తయారైన ట్యూనర్ అదే మెట్ల మీద నడుస్తుంది. అందులో విజయవాడ రేడియో మిర్చి 98.3 దొరుకుతుంది. ఆకాశవాణి రెయిన్‌బో కృష్ణవేణి 102.2 మాత్రం దొరకదు. 102.1 దగ్గరో 102.3 దగ్గరో ఆగి అరకొరగా వినిపిస్తుంది. మీడియం వేవ్‌లోనూ ఇదే కథ. మన దేశంలో మెట్టు 9 కిలోహెర్ట్జ్, అమెరికాలో 10. విజయవాడ ఆకాశవాణి 837 అనేది తొమ్మిదిని 93తో గుణిస్తే వచ్చే సంఖ్య. అమెరికా ట్యూనర్ 830 నుంచి నేరుగా 840కి దూకుతుంది.

జపాన్‌లో ఎఫ్ఎం 76 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. పాత యూనిట్లు 90 దాకా, కొత్తవి 95 దాకా పోతాయి. మిర్చి, కృష్ణవేణి రెండూ దానికి అందనంత పైన ఉన్నాయి. కొన్ని సిస్టమ్‌లలో దేశం మార్చే సెట్టింగ్ ఉంటుంది, కొన్నిటిలో స్కానర్‌తో కోడింగ్ చేస్తే మారుతుంది, కొన్నిటిలో ఏం చేసినా మారదు. అమెరికా కార్లలో డ్రైవర్ ఎడమవైపు కూర్చుంటాడు కాబట్టి వాల్యూమ్ నాబ్ కూడా ఎడమకే ఉంటుంది. మన కారులో అది డ్రైవర్‌కు దూరమైన కొస. చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ రోజూ చేయి చాచేది అక్కడికే.

## స్పీకర్ల దగ్గర జరిగే పొరపాటు

ఇప్పటి స్టీరియోలన్నిటిలో యాంప్లిఫయర్ స్పీకర్ రెండు వైర్లనూ నడుపుతుంది. రెండు వైర్ల మీదా బ్యాటరీ వోల్టేజీలో సుమారు సగం ఉంటుంది, ఏదీ ఎర్త్ కాదు. బాగా పాత కార్లలో స్పీకర్ నెగెటివ్‌ను బాడీకి కలిపి ఒక్క వైరుతో సరిపెట్టేవారు. అలాంటి కారులో కొత్త స్టీరియో పెడితే యాంప్లిఫయర్ చిప్ షార్ట్ అయినట్టే. రక్షణ ఉంటే శబ్దం ఆగిపోతుంది, లేకపోతే చిప్ కాలిపోతుంది. అలాంటి బండికి ప్రతి స్పీకర్‌కూ రెండేసి వైర్లు కొత్తగా లాగడం తప్ప దారి లేదు.

పెట్టె మీద ‘50 వాట్లు, నాలుగు ఛానెళ్లు’ అని రాసి ఉన్నా భ్రమపడనక్కర్లేదు. 14.4 వోల్టుల మీద, 4 ఓమ్‌ల స్పీకర్‌కు ఈ పద్ధతిలో శబ్దం చెడకుండా అందగలిగేది సిద్ధాంతం ప్రకారమే 26 వాట్లు దాటదు, ఆచరణలో ఇంకా తక్కువ. పాత స్టీరియో అయినా కొత్తది అయినా ఇంతే. శబ్దం మెరుగవ్వాలన్నదే ఉద్దేశమైతే డబ్బు స్పీకర్ల మీద, డోర్ల డ్యాంపింగ్ మీద పెట్టడం మేలు.

దీనికి విరుద్ధమైన సందర్భం ఒకటుంది. ఖరీదైన వేరియంట్లలో యాంప్లిఫయర్ విడిగా డిక్కీలోనో సీటు కిందో ఉంటుంది. ఆ కారు నుంచి తీసిన స్టీరియోలో స్పీకర్లను నడిపే శక్తే ఉండకపోవచ్చు. తెర చక్కగా వెలుగుతుంది, చుక్క శబ్దం రాదు. కొనేముందు స్పీకర్ కరెంటు దాంట్లోంచి వస్తుందా అని పార్ట్ నంబరుతో సరిచూసుకోవాలి.

## కెమెరా, మైకు, యూఎస్‌బీ

ఆండ్రాయిడ్ ఆటో కోసమే ఇంత చేస్తున్నప్పుడు, దానికి కావలసిన యూఎస్‌బీ సాకెట్ స్టీరియోకు వెనక విడి కేబుల్‌తో ఉంటుందని మరవకూడదు. మైకు కొత్త కార్లలో పైకప్పు లైటు దగ్గర, జీపీఎస్ యాంటెన్నా ఇంకోచోట ఉంటాయి. స్టీరియో ఒక్కటే కొంటే ఇవేవీ రావు. రివర్స్ కెమెరాల్లో 12 వోల్టులతో నడిచేవీ ఉన్నాయి, టయోటా కంపెనీ కెమెరాల్లా 6 వోల్టులవీ ఉన్నాయి. స్టీరింగ్ బటన్లు చాలా పాత కార్లలో రెసిస్టర్ పద్ధతి మీద నడుస్తాయి. ఒక్కో బటన్‌కు ఒక్కో వోల్టేజీ. నెట్‌వర్క్ మీద బటన్లను చదివే స్టీరియోకు మధ్యలో అడాప్టర్ కావాలి. స్టీరింగ్ దగ్గర పసుపు కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. బ్యాటరీ తీసి కొన్ని నిమిషాలు ఆగకుండా వాటి జోలికి వెళ్లకూడదు.

## పాత సరుకులో నీటి జాడ

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు పార్క్ చేసి ఉన్న కార్లు పెద్ద సంఖ్యలో నీళ్లలో నానాయి. ఇన్సూరెన్స్ లెక్క తేలాక ఇలాంటి బండ్లు విడిభాగాలుగా విడిపోవడం ఎక్కడైనా జరిగేదే. డ్యాష్‌బోర్డ్ దాకా నీళ్లు వచ్చిన కారు స్టీరియో తుడిచి ఆరబెడితే కొన్నాళ్లు పనిచేస్తుంది. లోపల పిన్నుల మీద పచ్చగానో తెల్లగానో పేరుకున్న చిలుము తన పని తాను చేసుకుపోతుంది.

కప్లర్ గుంతలోకి టార్చ్ వేసి చూస్తే ఆ రంగు తెలుస్తుంది. వెనక రేకు మూలల్లో సన్నటి మట్టి గీత, స్క్రూల తలల మీద తుప్పు, తెర అంచున మబ్బు పట్టినట్టుండటం మిగతా గుర్తులు. కొనే చోటే బ్యాటరీకి కలిపి కనీసం అరగంట నడిపించి చూడమనడం అతి కాదు.

వైర్లు కలిపే తీరులోనూ మన వాతావరణం లెక్కలోకి వస్తుంది. మెలితిప్పి నల్ల టేపు చుట్టిన జాయింట్ రెండు ఎండాకాలాలకు జిగురు కారి వదులవుతుంది. క్రింప్ చేసో సోల్డర్ పెట్టో, పైన హీట్ ష్రింక్ తొడుగు వేయించడం సురక్షితం. విడిగా యాంప్లిఫయర్ పెడితే బ్యాటరీ నుంచి నేరుగా లాగిన వైరుకు ఫ్యూజ్ బ్యాటరీకి వీలైనంత దగ్గర ఉండాలి. స్టీరియో దగ్గర పెట్టిన ఫ్యూజ్ స్టీరియోను కాపాడుతుంది తప్ప, మధ్యలో ఒరుసుకుపోయిన వైరు అంటుకోకుండా ఆపలేదు.

## చట్టం, ఇన్సూరెన్స్

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. స్టీరియో ఆర్సీలో రాసే అంశం కాదు కాబట్టి దీన్ని మార్చుకోవడం ఆ సెక్షన్ కిందికి రాదు. అయితే కారు కదులుతున్నప్పుడు తెర మీద వీడియో రాకుండా కంపెనీ పెట్టిన అడ్డును వైరింగ్‌తో తప్పించడం కొన్ని షాపుల్లో మామూలైపోయింది. విజయవాడ బెంజ్ సర్కిల్ రద్దీలో డ్రైవర్ చూపు రెండు క్షణాలు తెర మీద ఉంటే ఎదుటి స్కూటర్ మీదివాళ్లు మూల్యం చెల్లిస్తారు. ఆ పని చేయించుకోకూడదు, అంతే.

ఇన్సూరెన్స్‌లో, కారుతో పాటు రాని ఎలక్ట్రికల్ పరికరాలను విడిగా చూపించాలి. మోటార్ టారిఫ్‌లోని ఐఎంటీ-24 కింద వాటి విలువ మీద 4 శాతం అదనపు ప్రీమియం కట్టే పద్ధతి ఉంది. చూపించకపోతే దొంగతనం జరిగినా కాలిపోయినా స్టీరియో విలువ క్లెయిమ్‌లో వచ్చే అవకాశం ఉండదు.

## ఏ బండికి ఏది

అదే మోడల్, అదే తరం, పై వేరియంట్ సిస్టమ్ దొరికితే కంపెనీ స్టీరియో పెట్టుకోవడమే సరైన ఎంపిక. ఫ్రేమ్, కేబుల్, మైకు అన్నీ పార్ట్ నంబర్లతో తెప్పించుకోవచ్చు. పెద్ద ఆశ్చర్యాలుండవు.

అదే కంపెనీ కానీ తర్వాతి తరం సిస్టమ్ అయితే, ఆ జతకు పరీక్షించిన ఎమ్యులేటర్ బాక్స్ లేదా గేట్‌వే దొరుకుతుందా అన్నదే ప్రశ్న. దొరికితే ముందుకెళ్లొచ్చు. దొరక్కపోతే మానుకోవడం మంచిది.

మారుతి 800, మొదటి తరం శాంట్రో లాంటి సింగిల్ డిన్ కార్లకు కొత్త కంపెనీ టచ్‌స్క్రీన్ నప్పదు. స్థలం లేదు, సందేశాలు లేవు. సోనీ, పయనీర్ లాంటి బ్రాండ్ల సాధారణ స్టీరియోలు తాళం కరెంటుతోనే లేస్తాయి, తాళం తీస్తే నిద్రపోతాయి. స్పీకర్ల వైర్లు కాక అవి కారును అడిగేది మూడు వైర్లే. ఫోన్‌ను డ్యాష్‌బోర్డ్ మీద స్టాండుకు పెట్టి, పాటలను బ్లూటూత్‌తో దీనికి పంపితే ఆ కార్లలో కావలసిన సౌకర్యం చాలావరకు సమకూరుతుంది.

ఏది పెట్టినా కారు అసలు కప్లర్‌ను కోయనివ్వకూడదు. దానికి ఎదురుగా సరిపోయే అడాప్టర్ కప్లర్ కొని, మార్పులన్నీ అడాప్టర్ వైపే చేయించాలి. తీసిన పాత స్టీరియోను, ఫ్రేమ్‌ను పారేయకుండా అట్టపెట్టెలో పెట్టి ఉంచితే, కొత్త సిస్టమ్ మొరాయించిన రోజున పావుగంటలో పాతది మళ్లీ బిగించి, కారును బ్యాటరీ దిగకుండా నడుపుకోవచ్చు.